హమ్ గురువుగారు

మొన్న ఉదయం మా ఊరి ఆర్కెస్ట్రా ఆర్టిస్టుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. బల్ల మీద విప్పి పెట్టిన యాంప్లిఫయరు, దాని వెనక కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకున్న ఒక పెద్దాయన. కింద 'గురువుగారు ఇక లేరు' అని రాశారు. మధ్యాహ్నానికి గ్రూపంతా దండాలతో నిండిపోయింది. డ్రమ్స్ వాయించే ఒకతను శ్రద్ధాంజలి బేనరు వేయిద్దామనీ, పూర్తి పేరు చెప్పమనీ అడిగాడు. అక్కడితో గ్రూపు చల్లబడిపోయింది. ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. నా ఫోన్లో ఆయన నంబరు 'హమ్ గురువుగారు' అనే ఉంది.

గిటారు, కీబోర్డు జోలికి పోనివాళ్లకి హమ్ అంటే ఏమిటో చెప్పాలి. ఎవరూ ఏమీ వాయించకపోయినా స్పీకర్లోంచి 'మ్‌మ్‌మ్' అంటూ ఆగకుండా వచ్చే మోత అది. పాట నడుస్తున్నంతసేపూ దాన్నెవరూ పట్టించుకోరు. పాటకీ పాటకీ మధ్య, యాంకరు మైకు తీసుకుని నమస్కారం చెప్పేలోపు, ఫంక్షన్ హాలంతా అదే వినిపిస్తుంది. దాన్ని వదిలించడం ఆయన పని. మిగతా రిపేర్లూ చేసేవాడు గానీ వాటిని చిన్నచూపు చూసేవాడు. పాడైపోయిన సామాను బాగుచెయ్యడంలో గొప్పేముందని, బాగానే ఉండి కూడా గోల చేసేదాని సంగతి తేల్చడమే పని అని ఆయన లెక్క.

పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఉల్లిపాయల గోడౌను పక్కనున్న ఇనప మెట్లెక్కితే ఆయన గది. బోర్డు ఉండేది కాదు. గుమ్మానికి మామిడాకులు కట్టే చోట కరెంటు ప్లగ్గుల తోరణం వేలాడేది. అన్నీ మూడు పిన్నుల ప్లగ్గులే. ఒక్కదానికీ మూడో పిన్ను, ఆ పైనుండే లావుపాటిది, లేదు. అది ఎర్త్ పిన్ను. దాన్ని కోసేస్తే చాలాసార్లు హమ్ పోతుంది. ఈ కిటుకు మా ఫీల్డులో తెలియనివాడు లేడు. లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే మనిషిని వదిలిపెట్టి భూమిలోకి పోవడానికి ఉన్న దారి ఆ పిన్నేనన్న సంగతి కూడా అందరికీ తెలుసు. ప్రోగ్రాం టైముకి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అలాంటి ప్లగ్గుతో ఎవరైనా వస్తే ఆయన సామాను మీద చెయ్యి వేసేవాడు కాదు. ముందు ఆ ప్లగ్గు కత్తిరించి, తన డబ్బాలోంచి కొత్తది తీసి బిగించి, పాతదాన్ని తోరణానికి గుచ్చి, అప్పుడు కళ్లజోడు కిందకి దించేవాడు. నాకు ఎర్త్ వద్దండీ అని ఎవరైనా సణిగితే, మాట్లాడకుండా గెడ్డంతో మెట్లవైపు చూపించేవాడు. అలా మెట్లు దిగిపోయినవాళ్లు కొందరున్నారు. మళ్లీ ఎక్కినవాళ్లూ వాళ్లే.

అందర్నీ బావ అనేవాడు. చర్చిలో కీబోర్డు వాయించే ముసలాయన్నీ బావే అనేవాడు, సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే కోటీశ్వరుణ్ణీ బావే అనేవాడు. యాంప్లిఫయరు విప్పగానే ఉఫ్ఫని ఊది, ఎగిరిన దుమ్ము చూసి, నువ్వుండేది ఫలానా వైపా అని అడిగేవాడు. పోర్టు దగ్గరి పేటల నుంచి వచ్చినదైతే నల్లపొడి, కొండవారల కొత్త లేఅవుట్ల నుంచి వచ్చినదైతే ఎర్రమట్టి. నాది దువ్వాడ. నా యాంప్లిఫయర్లో రెండూ కలిసి ఉన్నాయని, నువ్వు పగలంతా ఇటు, రాత్రికి అటా అని అడిగాడు. నిజానికి నా ఉద్యోగం పోర్టు రోడ్డులో ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో. శనివారాలు యాంప్లిఫయరు ఆఫీసులోనే పెట్టుకుని, అటునుంచటే ప్రోగ్రాంకి వెళ్లిపోయేవాణ్ణి. ఆ మాట చెప్తే తలూపాడు, అంతే.

హమ్ వస్తోందని చెప్తే ఒప్పుకునేవాడు కాదు. ఎలా వస్తోందో నోటితో చేసి చూపించమనేవాడు. బ్యాంకు మేనేజర్లూ, డాక్టర్లూ, సరదాకి గిటారు కొనుక్కున్న పెద్దమనుషులూ ఆ గదిలో నిలబడి 'మ్‌మ్‌మ్' అనీ, 'జ్‌జ్‌జ్' అనీ మోగడం నేను చూశాను. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. 'జ్' అంటే ట్యూబులైటు చోక్ దగ్గరో, ఫ్యాను రెగ్యులేటరు దగ్గరో సంగతి చూడమనేవాడు. 'మ్' అంటే ఎర్త్ సంగతి. మొదటిసారి నేను ఫోన్ చేసినప్పుడు కూడా నోటితో చెయ్యమన్నాడు. ఆఫీసులో ఉన్నాను. మా మేనేజరు ఎదుటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా మోగాను. ఇంకొంచెం సేపు ఆపకుండా చెయ్యమన్నాడు. ఆ సాయంత్రం మా మేనేజరు నన్ను పిలిచి ఇంట్లో అంతా కులాసాయేనా అని అడిగాడు.

వెతికే పద్ధతి ఒకటే. ఒక్కొక్కటీ తీసేస్తూ పోవడం. గిటారు కేబులు పీకించేవాడు, ఇను అనేవాడు. వాల్యూం తగ్గించమనేవాడు, ఇను అనేవాడు. తీగల మీద అరచెయ్యి ఆనించమనేవాడు. తీగలు ముట్టుకుంటే మోత తగ్గితే తప్పు గిటారుదని, తగ్గకపోతే దాని వెనకాల ఉన్నదని చెప్పేవాడు. ఆయన దగ్గర మీటర్లుండేవి. వాటినెప్పుడూ చివరికి వాడేవాడు, అదీ కస్టమరు తృప్తి కోసం.

నా సంగతికి వస్తాను. నాకప్పుడు ముప్పై రెండేళ్లు. ద్వారకా నగర్‌లో ఆఫీసున్న ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. పెళ్లిళ్లు, రిసెప్షన్లు, పండగలు. వారమంతా బిల్లులు టైపు చేసే మనిషికి శనివారం సాయంత్రం స్టేజీ ఎక్కడం ఎలాంటిదో చెప్పలేను. నాకంటూ ఉన్నది అదొక్కటే. స్టేజీ మీది సౌండంతా ఒకచోట కలిపే మిక్సర్‌కి లైను ఇచ్చిన ప్రతిచోటా నా యాంప్లిఫయరు మోగడం మొదలుపెట్టింది. మా ఆర్కెస్ట్రా ఓనరు రెండుసార్లు ఊరుకుని, మూడోసారి నన్ను పక్కకి పిలిచాడు. ఇంకొక్క ప్రోగ్రాంలో ఆ గోల వినిపిస్తే గిటారు ఇంటిదగ్గరే పెట్టుకోమన్నాడు. ఇప్పటి కీబోర్డుల్లో గిటారు సౌండు కూడా ఉంటుందనీ, దానికి హమ్ ఉండదనీ, భోజనం కూడా పెట్టక్కర్లేదనీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

గురువుగారి దగ్గరికి మోసుకెళ్లాను. అక్కడ అది కిక్కురుమనలేదు. తన పాత మిక్సర్‌కి లైనిచ్చి చూశాడు, అయినా లేదు. వారం తరవాత మళ్లీ తీసుకెళ్లాను. మళ్లీ మౌనం. యాంప్లిఫయర్లో ఏ తప్పూ లేదని తేల్చేశాడు. మా స్టేజీ మీద మిక్సరు ఒక బోర్డు నుంచి, నా యాంప్లిఫయరు ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటున్నట్టున్నాయని, రెండింటికీ వేరువేరు ఎర్త్‌లు, మధ్యలో నా కేబులు రెంటినీ కలుపుతోందని, ఆ చుట్టులో కరెంటు తిరుగుతూ మోగుతోందని అన్నాడు. మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు డబ్బా ఒకటి పెడితే పోతుందట. అయితే పెట్టండి అన్నాను.

"మీ స్టేజీకి వచ్చి ఇంతాను బావ. అప్పుడు పెడతాను. సూడకుండా మందియ్యను."

ఇదే ఆయనతో చిక్కు. ఊహించింది నూటికి నూరుపాళ్లూ నిజమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. డబ్బా చేసిచ్చేస్తే గొడవ వదిలిపోయేది. చెవితో వినకుండా చెయ్యనంటాడు. ఓనర్ని అడిగితే, నా స్టేజీ మీద ఇన్‌స్పెక్షన్లేమిటని చిరాకుపడ్డాడు. ఇద్దరి మధ్యా నేను అటూ ఇటూ తిరిగాను. శనివారం దగ్గరపడింది. శుక్రవారం ఆఫీసు నుంచి రాగానే కటింగ్ ప్లయరు తీసుకుని ఎర్త్ పిన్ను కోసేశాను. ఒక్క నొక్కు. మర్నాడు ప్రోగ్రాంలో హమ్ లేదు. ఓనరు నా భుజం తట్టాడు. ఆ తట్టినందుకు నేను పడ్డ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు నెలలు హాయిగా నడిచింది. ఫంక్షన్ హాళ్లలో స్టేజీ మీద తివాచీ ఉంటుంది, కాళ్లకి చెప్పులుంటాయి. మిక్సర్‌కి వెళ్లే కేబులు పైన అల్లిన సన్నతీగ ఉంటుంది, లీకైన కరెంటు నా మీదకి రాకుండా అదే అటు లాక్కుపోతోందని తరవాత తెలిసింది. అప్పుడప్పుడు, ఆ కేబులు ఇంకా పెట్టకముందు తీగలు ముట్టుకుంటే, వేళ్లకి చీమ కుట్టినట్టుండేది. మా ఇంట్లో ఫ్రిజ్జు కూడా అలాగే కుడుతుంది, మేము చెప్పులేసుకుని తలుపు తీస్తాం. దాన్ని జబ్బని ఎవరనుకుంటారు.

అప్పుడు ఒడ్డున ఒక జాలరి పేటలో అమ్మవారి పండగకి ప్రోగ్రాం వచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి సామాను దించాం. ఇనప పైపులు తడి ఇసకలోకి దింపి, పైన చెక్కలు పరిచిన స్టేజీ. మేమంతా చెప్పులతోనే తిరుగుతూ సర్దుకున్నాం. గిటారుని యాంప్లిఫయరుకి తగిలించి, ఆన్ చేసి, స్టాండుకి ఆనించి, టీ తాగడానికి కిందకి దిగాను. మిక్సరు అతను ఇంకా తీగలు విప్పుకుంటున్నాడు, మిక్సర్‌కి వెళ్లే కేబులు నాకు ఇవ్వలేదు. ఇంతలో పేటలోంచి ఘటాలు వచ్చాయి. ఆడవాళ్లు స్టేజీ చుట్టూ తిరిగి, చెక్కల మీద బిందెడు పసుపునీళ్లు చల్లారు. కమిటీ పెద్ద మా దగ్గరికొచ్చి మర్యాదగానే చెప్పాడు.

"సెప్పులు కింద ఒగ్గీసి ఎక్కండి బాబూ. ఎదర అమ్మోరుంది."

అందరం విప్పేశాం. నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. స్టేజీ వెనక బోర్డు దగ్గర గురువుగారు నిలబడి ఉన్నాడు. ఆ పేట ఆయన అత్తవారిదని నాకు తెలీదు. కొత్త చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకుని, పండక్కి వచ్చిన అల్లుడిలాగే ఉన్నాడు. చేతిలో మాత్రం నా ప్లగ్గు ఉంది. ఎక్కడికెళ్లినా ముందు ప్లగ్గు చూసే అలవాటు పండగనాడు కూడా పోలేదు.

ఎవరు చేశారని అడిగాడు. నేనే అన్నాను. గొంతు తగ్గించుకుని బతిమాలాను. పది నిమిషాల్లో మొదలవుతుందని, ఈ ఒక్క సాయంత్రం వదిలెయ్యమని, రేపే వచ్చి కొత్త ప్లగ్గు వేయించుకుంటానని, ఇప్పుడు ఆగితే ఓనరు నన్ను తీసేస్తాడని చెప్పాను. అన్నీ విన్నాడు.

"నీ సీటు పోద్దని నాకు తెలుసు బావ. గిటారు ముట్టుకోకు."

తన స్కూటరు డిక్కీలోంచి రెండు తీగలున్న హోల్డరు తెచ్చాడు. దానికొక జీరో బల్బు. ప్లగ్గు మళ్లీ బోర్డులో పెట్టాడు. ఒక తీగ కొస స్టేజీ ఇనప పైపుకి చుట్టాడు. రెండో కొసని, చెప్పులతో కిందే నిలబడి, చెయ్యి చాచి నా గిటారు తీగలకి ఆనించాడు. బల్బు వెలిగింది. మినుకు మినుకుమని కాదు, ఇంట్లో గోడకి వెలిగినట్టు నిండుగా వెలిగింది.

కుర్చీల్లో ఉన్న జనం ఈలలు వేశారు. ప్రోగ్రాంలో మొదటి ఐటెం అదేననుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారు. ఆయన ఆ చప్పట్ల మధ్యే నావైపు చూశాడు.

"ఆ బల్బు ప్లేసులో నువ్వు బావ. ఉత్తికాళ్లతోటి, తడి సెక్కమీద."

కమిటీ పెద్ద ఏటదని అడిగాడు. గురువుగారు ఉన్నదున్నట్టు చెప్పాడు. నన్ను కాపాడటానికి ఒక్క ముక్కయినా మార్చి చెప్పొచ్చు, చెప్పలేదు. పెద్దాయన మొహం మారిపోయింది. అమ్మోరి ఎదట శవం లేవాల్సిందా అన్నాడు. మా సామాను మొత్తం ఆపించేశాడు. కీబోర్డు, మిక్సరు, అన్నీ. మా ఓనరు ఎంత చెప్పినా వినలేదు. ఆ సాయంత్రం పేట ఆడవాళ్లు మైకు లేకుండా వాళ్ల పాటలు వాళ్లే పాడుకున్నారు, డప్పులవాళ్లు వాయించారు. మేము వ్యానులో తిరిగొచ్చాం.  నా యాంప్లిఫయరు మాత్రం వ్యానులో లేదు. దాన్ని గురువుగారు తన స్కూటరు మీద పెట్టుకుని తీసుకుపోయాడు.

మూడో రోజు ఓనరు ఫోన్ చేశాడు. గిటారు కీబోర్డులో సర్దుకుంటామన్నాడు. అంతే.

ప్రాణం దక్కిందన్న సంతోషం నాకు కలగలేదు. ఇది రాయడానికి ఇబ్బందిగా ఉంది, కానీ నిజం. వెలిగిన బల్బు నా కళ్లతో నేనే చూశాను. తప్పు నాదని తెలుసు. అయినా నా కోపమంతా ఆయన మీదే. నాలుగు అడుగులేసి, మా ఓనరు చెవిలో సామాను పాడైందని ఓ అబద్ధమాడి ఆపించి ఉండొచ్చు కదా అనిపించేది. చచ్చిపోతే ఓ పూట ఏడ్చి ఊరుకునేవారు, ఇప్పుడు ఊళ్లో ఆర్కెస్ట్రాలన్నిటికీ నేను 'బల్బు గిటారిస్టు'ని అయిపోయానని మా ఆవిడ దగ్గర అన్నాను. ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఒక ఆదివారం ఉదయం తలుపు చప్పుడైంది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. తీస్తే గురువుగారు. స్కూటరు స్టార్టవలేదని, పూర్ణా మార్కెట్ నుంచి దువ్వాడ దాకా యాంప్లిఫయరుని సిటీ బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చానని చెప్పాడు. మూడు అంతస్తులు మోసుకుని ఎక్కాడు. చొక్కా తడిసిపోయి ఉంది. రండి అన్నాను. కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లు ఇవ్వకపోవడం అంతకుముందూ ఆ తరవాతా నా వల్ల జరగలేదు.

ఆయన అదేమీ పట్టించుకోనట్టు నేలమీద కూర్చుని పని చూపించాడు. తను చూసిన తరవాత ఎప్పుడో లోపల ట్రాన్స్‌ఫార్మరు చెమ్మెక్కి లీకైందట, మార్చేశాడు. మూడు పిన్నుల కొత్త ప్లగ్గు. లైను కేబులు మధ్యలో నిమ్మకాయంత డబ్బా, అందులో ఆయన చేత్తో చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు. చూడకుండా మందివ్వనన్న మనిషి, మా స్టేజీ మీద ఆ హమ్ ఒక్కసారీ వినకుండానే దాన్ని చేసుకొచ్చాడు. స్టేజీ మీదలాగే రెండు బోర్డులయ్యేలా మా టీవీ స్పీకరుని వేరే గదిలోని బోర్డుకి తగిలించి, దానికి లైనిచ్చి, అన్నీ ఆన్ చేశాడు.

"ఇను."

విన్నాను. ఏమీ లేదు. వాల్యూం పూర్తిగా తిప్పాడు. అప్పుడూ ఏమీ లేదు. కింద వీధిలో కూరలబండి అరుపు, దూరంగా రైలు. నా యాంప్లిఫయరు అంత నిశ్శబ్దంగా ఉండటం కొన్న రోజున కూడా నేను వినలేదు.

"ఇప్పుడు దీన్ని పెట్టుకుని నేనేం చేసుకోవాలండీ," అన్నాను. "ఎక్కడికి తీసుకెళ్లి వాయించాలి?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తరవాత గోడకి ఆనించి ఉన్న నా గిటారు తీసుకుని, కేబులు పెట్టి, నాకందించాడు.

"ఇక్కడే వాయించు బావ. ఓ పాట. ఇన్నాళ్లూ నీ గోలే ఇన్నాను గానీ నువ్వు వాయిత్తంటే ఒక్కపాలీ ఇననేదు."

నిజమే. ఆ గదిలో ఎన్నిసార్లు గిటారు పట్టుకున్నా తీగ ముట్టుకోవడమో, ఒక్క మీటు మీటడమో తప్ప పాట ఎప్పుడూ వాయించలేదు. ఆయన గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, వినడానికి సర్దుకు కూర్చున్నాడు.

మూడ్ లేదండీ, అన్నాను.

సరే బావ, అన్నాడు. కాసేపు అలాగే కూర్చున్నాడు. నేను మనసు మార్చుకుంటానేమోనని చూశాడనుకుంటాను. తరవాత లేచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నా కోపం ఏడాదిలో పోయింది. అది పోయాక ఇంకో నాలుగేళ్లు ఆయన బతికే ఉన్నాడు. నేను రోజూ ఆఫీసుకి వెళ్లే బస్సు పూర్ణా మార్కెట్‌లో ఆగుతుంది. అక్కడ దిగి, ఇనప మెట్లెక్కి, ఆయనకి ఒక పాట వినిపించడానికి పది నిమిషాలు చాలు. నేను దిగలేదు.